పేర్లు రాసిన బిస్కెట్లు

కమాను మూడోసారి కూడా సరిగ్గా రాలేదు. సుందరరావు రేకును కాగితం మీది బొమ్మకు ఆనించి చూశాడు. కుడి భుజం కొంచెం జారింది. ముక్కు ప్లయరు తీసుకుని మళ్ళీ మొదటినుంచి విప్పసాగాడు. బిస్కెట్లు కోసే అచ్చుకని పాత నూనె డబ్బా నుంచి కత్తిరించిన రేకు అది, అంగుళం వెడల్పు. నొక్కేటప్పుడు కోడలి అరచెయ్యి తెగకూడదని ఒక అంచును లోపలికి మడిచి సుత్తితో అణిచాడు. లాలాగూడ వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు రైలు పెట్టెలకు రేకు పని చేసిన మనిషి. ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి గాని చూపు తప్పదు.

హెలెన్ పక్కనే కింద కూర్చుని చూస్తోంది. అప్పుడే పని నుంచి వచ్చింది, చీర కూడా మార్చలేదు. తార్నాకలో మేడ మీద రెండు గదుల వాటా వాళ్ళది. బాల్కనీలో ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిందే.

"స్తంభాలు మరీ సన్నగా వద్దు మామయ్యా. ట్రే మీద నుంచి తీసేటప్పుడు విరుగుతాయి" అంది.

"ఇదేం కమానమ్మా. ఇంత బరువు ఆ కాళ్ళ మీద ఎట్టా నిలబడిందో" అన్నాడాయన, బొమ్మను దూరంగా పట్టుకుని.

అది హెలెన్ పనిచేసే డిపార్ట్‌మెంటు ముందరి రాతి కమాను. యూనివర్సిటీలో ఆ డిపార్ట్‌మెంటు పెట్టి యాభై ఏళ్ళవుతోంది. శనివారం మధ్యాహ్నం వేడుక. హెడ్డు సుధామయి మేడం సోమవారం నాడు హెలెన్‌ను గదిలోకి పిలిచింది. క్రిస్మస్‌కు తెస్తావే ఆ షుగర్ కుకీస్, అవి ఈసారి మన కమాను ఆకారంలో చెయ్యగలవా, ఒక్కొక్కదాని మీద మనవాళ్ళ పేరు రాయగలవా అని అడిగింది. కూర్చోమని కుర్చీ చూపించింది. ఆ గదిలో హెలెన్ కూర్చోవడం అదే మొదలు.

పద్నాలుగేళ్ళుగా ఆమె డిపార్ట్‌మెంటు లైబ్రరీలో కాంట్రాక్టు అసిస్టెంటు. ఏటా మార్చి ముప్ఫై ఒకటితో కాంట్రాక్టు అయిపోతుంది, ఏప్రిల్ ఒకటిన కొత్త ఆర్డరు వస్తుంది. రాని ఏడు లేదు. ఈ ఏడు మాత్రం కాంట్రాక్టు వాళ్ళలో ఒకరిని తీసి కొత్తవాళ్ళను పెడతారన్న మాట నెల రోజులుగా వరండాలో తిరుగుతోంది. ఎవరిని అనేది ఎవరూ చెప్పరు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే అడుగుదామనుకుంది హెలెన్. నోటిదాకా వచ్చింది. బిస్కెట్ల మాట నడుస్తుండగా ఉద్యోగం మాట ఎత్తితే బేరం పెట్టినట్టుంటుందని మింగేసింది. శనివారం అయ్యాక అడగొచ్చు. పని నచ్చాక అడిగితే ఎవరైనా మెత్తగానే మాట్లాడతారు.

ఇంట్లో ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. భర్త ఫిలిప్ చనిపోయాక ఆ ఇంట్లో ఉద్యోగమంటూ ఉన్నది హెలెన్ ఒక్కదానికే. కూతురు షారోన్ ఇంటరు పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. సుందరరావు రేకును మూడుసార్లు విప్పింది అందుకే.

నాలుగోసారి భుజాలు రెండూ సమంగా నిలిచాయి. కొసలు రెండూ కలిపి రివిట్టు కొట్టి, అరిగిపోయిన ఆకురాయితో అంచు నున్నగా చేసి కోడలి చేతిలో పెట్టాడు.

"వేణ్ణీళ్ళతో కడుగు. వెంటనే తుడువు. తడి ఉంటే రాత్రికే తుప్పు పడుతుంది" అన్నాడు.

గురువారం పొద్దున హెలెన్ సూపరింటెండెంటు లక్ష్మీనర్సయ్య దగ్గరికి పోయి పేర్ల లిస్టు అడిగింది.

"లిస్టెందుకమ్మా, గీడున్నోళ్ళు నీకు తెల్వదా" అన్నాడాయన.

తెలుసు. కానీ ఒకాయన ఇంటిపేరుతోనే రాయాలంటాడు. ఒకామెకు పేరు ముందు డాక్టరు లేకపోతే కోపం. ఒక్క పేరు మరిచిపోయినా ఆ మనిషి ఏడాదంతా ముఖం తిప్పుకుని పోతాడు. ఈ సంగతి విన్నాక లక్ష్మీనర్సయ్య తల ఊపి, బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరిపి, మధ్యాహ్నం పంపిస్తానన్నాడు. ఆయన పద్ధతి ఒకటుంది. ఒక పనికి టైపు చేయించిన కాగితం ఉంటే ఇంకో పనికి మరొకటి చేయించడు. పరీక్ష డ్యూటీలకు చేయించిన కాగితం మీదే టీ లెక్క రాస్తాడు, పిక్నిక్కుకు వచ్చేవాళ్ళకు టిక్కు పెడతాడు.

మూడు గంటలకు ఫోన్లో ఫోటో వచ్చింది. హెలెన్ అప్పుడు కొత్త పుస్తకాల వీపుల మీద తెల్ల సిరాతో నంబర్లు రాస్తోంది. లైబ్రరీ అంటే ఒకటే గది, ఆరు ఇనప బీరువాలు, కిటికీ పక్కన ఆమె బల్ల. నల్ల అట్ట మీద వేలెడంత చోటులో మూడు వరసల నంబరు. పిల్లలు వచ్చి అడిగే పుస్తకం ఆమె లేవకుండానే ఏ బీరువాలో ఎన్నో అరలో ఉందో చెప్పగలదు. బిస్కెట్ల మీద రాసే చెయ్యి ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. ఈ వీపుల మీదే వచ్చింది.

కలం మూత పెట్టి ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, పేర్ల వరస ఒక్కటే కిందికి జరుపుకుంటూ లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. తన పేరు కోసం చూడకూడదనుకుంటూనే చూసింది. లేదు. ఇంకోసారి కింది నుంచి పైకి చూసింది. లేదు. చేసే మనిషి తన పేరు తను రాసుకుంటే ఏం బాగుంటుంది, పెళ్ళిలో వడ్డించేవాళ్ళు పంక్తిలో కూర్చోరు గదా అనుకుంది. లక్ష్మీనర్సయ్యకు ఆ మాత్రం మర్యాద తెలుసనుకుంది. ఒకటి రెండు పేర్లు ఎవరివో తెలియలేదు. ఏటా ఎవరో ఒకరు కొత్తగా చేరుతూనే ఉంటారు.

అటెండరు రాజన్న టీ గ్లాసు పెట్టి, ఫోనులోకి తొంగి చూశాడు. అతనూ కాంట్రాక్టే.

"నా పేరున్నదా అక్కా?"

ఉందని చూపించింది. ముప్ఫై ఒకటో నంబరు.

"సార్లకు, నాకు ఒక్కటే సైజా మళ్ళ?"

"అచ్చు ఒకటే రాజన్నా."

"అట్లయితే నేను తినను. ఫ్రేము కట్టిస్త. యాభై ఏండ్లల్ల సార్లతోని సమానం అయ్యింది గా బిస్కెట్ల కాన్నే" అని నవ్వుకుంటూ పోయాడు.

హెలెన్ కూడా నవ్వింది. తర్వాత టీ తాగుతూ, రాజన్న పేరు ఉండగా అని ఏదో అనుకోబోయి, పుస్తకం దగ్గరికి లాక్కుని తెల్ల సిరాలో కలం ముంచింది.

సాయంత్రం ఇంటికి రాగానే చేతులు మోచేతులదాకా కడుక్కుని పిండి పనికి దిగింది. మార్చి ఎండలకు వెన్న ఆగదు. ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసేలోపే అంచులు కారతాయి. దాన్ని చక్కెర పొడితో కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టింది. గుడ్డు, వెనిల్లా వేసి, చిటికెడు ఉప్పు కలిపిన మైదాను మూడు విడతలుగా చల్లి కలిపింది. చపాతీ పిండిలా పిసికితే పాడవుతుంది. పిసికిన పిండి మొండికేసి, కాలేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. వేళ్ళ కొసలతో కూడదీసి, రెండు బటరు పేపర్ల మధ్య పెట్టి, అటొకటి ఇటొకటి షారోన్ చిన్నప్పటి చెక్క స్కేళ్ళు ఉంచి, వాటి మీదుగా అప్పడాల కర్ర నడిపింది. స్కేళ్ళ మందమే బిస్కెట్టు మందం. ఒక కమాను లావుగా, ఒకటి పలచగా ఉంటే పలచనిది మాడుతుంది.

ఆ పలకను ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, తీసి, మామయ్య చేసిన అచ్చును మైదాలో అద్ది నొక్కింది. నొక్కి కొంచెం కదిపి ఎత్తాలి. కమాను కాళ్ళ మధ్య ముక్కను కత్తి మొనతో తీసింది. మొదటి రెండింటికి కాళ్ళు ఊడొచ్చాయి. మూడోది నిలబడింది. ట్రే నిండాక ఫ్రీజరులో పది నిమిషాలు పెట్టింది, పొయ్యి వేడికి అంచులు పరుచుకోకుండా. ఒవెను వెనక ఎడమ మూల కోపిష్టిది. ఆరో నిమిషంలో ట్రే తిప్పకపోతే ఆ మూల నాలుగూ నల్లబడతాయి. హెలెన్ గడియారం చూడదు. వెన్న వాసన వంటింటి గడప దాటి మంచం దాకా వచ్చినప్పుడు ట్రే తిప్పుతుంది.

ఈస్టరు ముందరి శ్రమల దినాలు అవి. హెలెన్ తీపి మానేసింది. అందుకని విరిగిన కాలు ఒకటి పళ్ళెంలో పెట్టి సుందరరావుకు ఇచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు.

"తీపి తగ్గించావా?"

పైన పూత పడుతుందని చెప్పింది.

"అయితే సరిపోద్ది. నోట్లో ఇట్టే విడిపోతోంది అమ్మాయ్. మీ మేడం దీని తర్వాత కాదనలేదు" అన్నాడు.

నలభై చేస్తే ముప్ఫై ఆరు నిలిచాయి.

శుక్రవారం తెల్లారకముందే లేచి పూత కలిపింది. గుడ్డు తెల్లసొన, మెత్తటి చక్కెర పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం. రాతి రంగు రావడానికి కాఫీ డికాక్షను చెంచాతో చూసి చూసి వేసింది. గరిటె ఎత్తితే జారిన గీత పది లెక్కపెట్టేలోపు కలిసిపోవాలి. ముందే కలిసిపోతే అంచు దాటి కారుతుంది, కలవకపోతే గడ్డకట్టిన సున్నంలా ఉంటుంది. బటరు పేపరు పొట్లాం చుట్టి, కొస సూది దూరేంత కత్తిరించి, ముందు కమాను చుట్టూ గట్టి గీత కట్టింది. ఆ గట్టు మధ్యలోకి పలచటిది వదిలి, గుండుసూదితో మూలలకు లాగి, లేచిన గాలి బుడగలను ఒక్కొక్కటే పొడిచింది. ఎనిమిదింటికి అన్నీ పరుపు మీద గుడ్డ వేసి పరిచి, ఫాను ఒకటి మీద పెట్టి పనికి వెళ్ళింది. రెండు మీద పెడితే పైన తోలు కట్టి ముడతలు పడుతుంది.

సాయంత్రానికి పూత గోటితో తడితే టకటకమంది. ఇక పేర్లు. సుందరరావు చర్చి గుడిలో శుక్రవారం ప్రార్థనకు పోయాడు. హెలెన్ కోకో పొడితో ముదురు రంగు కలిపి, కొత్త పొట్లాం కట్టి, కుడి మోచెయ్యి పుస్తకాల దొంతర మీద ఆనించింది. రెండు చేతులూ పనిలో ఉంటాయి గనుక ఫోను షారోన్‌కిచ్చి పేర్లు చదవమంది.

షారోన్ మంచం మీద బాసింపట్టు వేసుకుని చదివింది. ఒకటి, ప్రొఫెసర్ సుధామయి. రెండు, ప్రొఫెసర్ వెంకటసుబ్బారావు. ఆ పేరు ఒక వరసలో పట్టలేదు. వెంకట పైన, సుబ్బారావు కింద పెట్టింది. అక్షరం గుండ్రం తిరిగేటప్పుడు ఊపిరి బిగపట్టి, దీర్ఘం తీసేటప్పుడు వదులుతోంది. పదిహేను పేర్లదాకా ఇద్దరూ వేరే మాట మాట్లాడలేదు. ఇరవయ్యోది రాస్తుండగా, వీళ్ళలో ఎవరు మంచివాళ్ళమ్మా అని అడిగింది షారోన్. పుస్తకం టైముకు తిరిగిచ్చేవాళ్ళందరూ మంచివాళ్ళే అంది హెలెన్.

"ఇరవై తొమ్మిది. నవీన్ కుమార్, లైబ్రరీ అసిస్టెంట్, కాంట్రాక్ట్."

అప్పటిదాకా పేర్లు మాత్రమే చదువుతున్న పిల్ల, అలవాటు చొప్పున పక్క గడి కూడా చదివేసింది. చదివి ఆగింది.

"అమ్మా. లైబ్రరీ అసిస్టెంటు నువ్వే గదా."

హెలెన్ పొట్లాం కొసను పళ్ళెం అంచుకు తుడిచింది. పైన ఏం రాసుందో చూడమంది. షారోన్ ఫోటోను కిందికి లాగింది. హాజరు పట్టీ, ఏప్రిల్ ఒకటి నుంచి, అని ఉంది.

పొట్లాం కొసన రంగు ఎండి మూసుకుపోయింది. హెలెన్ దాన్ని తడిగుడ్డలో పెట్టి, అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, పేర్లు లేకుండా మిగిలిన ఎనిమిది కమానుల వంక చూసింది. గుడిలో ఉన్న మనిషికి ఈ కబురు ఎలా చెప్పడమనేదే ముందుగా తోచింది.

"రాయకమ్మా" అంది షారోన్. "అది ఒక్కటి వదిలేయ్."

"ఆ పిల్లాడెవరో. వాడేం చేశాడు."

"నువ్వేం చేశావు మరి."

హెలెన్ సూదితో పొట్లాం కొస తెరిచి, గోటి మీద ఒక చుక్క పెట్టి చూసుకుని, వంగింది. న. దాని కింద ఏమీ లేదు, తేలికైన అక్షరం. వీ దగ్గర చెయ్యి ఆగుతుందేమోనని భయపడింది గాని ఆగలేదు. ఆ చేతికి ఇంకో రకంగా రాయడం తెలియదు. మిగతా ఇరవై ఎనిమిదింటికన్న అదేమీ తీసిపోలేదు.

"తర్వాతి పేరు చదువు. తాతయ్యకు చెప్పకు" అంది.

శనివారం రెండు అట్టపెట్టెల్లో, వరసకూ వరసకూ మధ్య బటరు పేపరు వేసి సర్ది, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని క్యాంపస్‌కు తీసుకెళ్ళింది. స్పీడ్‌బ్రేకరు వచ్చిన ప్రతిసారీ సీటు మీద నుంచి కొంచెం లేచింది. ఒక్కటీ పగల్లేదు.

సెమినారు హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పేర్చింది. అందరూ చుట్టూ చేరారు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని, చేతిలో పట్టుకుని ఫోటోలు తీసుకున్నారు. వెంకటసుబ్బారావు తనది రెండు వరసల్లో ఉన్నందుకు సంతోషించి అందరికీ చూపించాడు. తినడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. కాగితపు రుమాళ్ళలో చుట్టి బ్యాగుల్లో పెట్టుకున్నారు. రాజన్న తనది చొక్కా జేబులో పెట్టుకోబోతే, చెమటకు కరుగుతుందని హెలెన్ ఒక చిన్న డబ్బా ఇచ్చింది. బక్కపలచటి కుర్రాడొకడు, ఇస్త్రీ చొక్కా, బల్ల చివర నిలబడి ముందుకు రావడానికి మొహమాటపడుతున్నాడు. లక్ష్మీనర్సయ్య అతన్ని భుజం పట్టి తెచ్చి, ఇగో నీది అని చూపించాడు. ఆ కుర్రాడు రెండు చేతులా తీసుకున్నాడు. హెలెన్ అటు చూసి, పెట్టెలోని బటరు పేపర్లు మడవసాగింది.

ఉపన్యాసాల మధ్యలో సుధామయి చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చింది. హెలెన్ వరండాలో నిలబడింది. లిస్టు చూశానని మాత్రం చెప్పింది. సుధామయి కొళాయి కట్టేసి, చేతులు విదుల్చుకుని, ఆ తడి చేతులతోనే హెలెన్ చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో దొరికిపోయిన బెదురు లేదు. చెప్పే పని తప్పిందన్న తెరిపి ఉంది.

"నేనే చెబుదామనుకున్నాను, ఈ ఫంక్షన్ కానీ అని ఆగాను. పైనుంచి ఒక అబ్బాయిని తీసుకోమన్నారు హెలెన్. కొత్త పోస్టు లేదు. ఉన్నవాళ్ళలో ఒకరి పేరు నన్ను రాసివ్వమన్నారు. పది రోజులు నిద్ర లేదు నాకు. రాజన్నను తీస్తే ఎక్కడికి పోతాడు? మిగతావాళ్ళయినా అంతే. నీకొక్కదానికే చేతిలో విద్య ఉంది. అదే రాశాను, సొంత ఉపాధి ఉంది అని."

"అది క్రిస్మస్‌కు మేడం. చర్చిలో నాలుగిళ్ళ వాళ్ళు చేయించుకుంటారు. ఏడాదికోసారి."

"అదే నీ పొరపాటు. ఏడాదంతా చెయ్యి. నిజం చెప్పనా, రాసినప్పుడు నాకు కొంచెం గిల్టీగా ఉండింది. ఇవాళ ఆ టేబుల్ చూశాక, నేను చేసింది కరెక్టే అనిపించింది."

హెలెన్ ఇంకేదో అనబోయింది. బిస్కెట్లు బాగా లేవని అనడానికి లేదు. బాగున్నాయి. తన చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

లోపలికి పోయాక సుధామయి మైకు తీసుకుంది. పద్నాలుగేళ్ళు మన పుస్తకాలను చూసుకున్న హెలెన్ ఇప్పుడు సొంతంగా బేకరీ పెట్టుకోబోతోందని, ఇలాంటి ధైర్యం మన ఆడపిల్లలందరికీ రావాలని, ఇక మన ఫంక్షన్లన్నిటికీ అక్కడి నుంచే తెప్పించుకుందామని చెప్పింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ హెలెన్ చేతులు జోడించింది. జోడించకపోతే బాగుండదు.

మెట్ల దగ్గర రాజన్న ఎదురొచ్చాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నాకొక్క మాట చెప్పలే గదక్కా. రోజూ చాయ్ ఇచ్చేటోన్ని" అన్నాడు. తర్వాత తనే సర్దుకుని, తన అల్లుడు షట్టర్ల పని చేస్తాడని, దుకాణానికి పెట్టిస్తే మంచిగ చేసిస్తాడని చెప్పాడు.

అలాగే అంది హెలెన్.

ఆదివారం మట్టల ఆదివారం. గుడి చుట్టూ ఈత మట్టలు పట్టుకుని తిరిగి వచ్చారు. సుందరరావు తన మట్టను గుమ్మం పైన గుచ్చి, అచ్చు తెమ్మన్నాడు. అందరూ ఏమన్నారని నిన్నటి నుంచి ఇది నాలుగోసారి అడగడం. ఫోటోలు తీసుకున్నారని, వెంకటసుబ్బారావు గారు పొంగిపోయారని, కాళ్ళు ఒక్కటీ విరగలేదని చెప్పింది. మేడం ఏమన్నారని అడిగాడు. చాలా బాగున్నాయన్నారని చెప్పింది. అందులో అబద్ధం లేదు. షారోన్ లేచి పక్క గదిలోకి పోయింది.

ఆయన దూదితో కొబ్బరినూనె తీసుకుని రేకు మూలమూలలా రాశాడు. పాత బనీను గుడ్డలో చుట్టి, తాడు కట్టి, బీరువా పైన పెట్టాడు.

"వచ్చే ఏడు మళ్ళీ అడుగుతారు" అన్నాడు.

"అడుగుతారు మామయ్యా" అంది హెలెన్.

సోమవారం తొమ్మిదిన్నరకు ఆ కుర్రాడు లైబ్రరీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఒకటో తారీఖు నుంచి చేరాలని, రెండు రోజులు ముందే వచ్చి పని నేర్చుకోమన్నారని చెప్పాడు. హెలెన్ తాళం తీసింది. మూడో బీరువా తలుపు పైకెత్తి లాగాలని, వానాకాలం కిటికీ పక్క వరస గోడ నుంచి జరపాలని, ఎమ్మే రెండో ఏడు పిల్లలు పేరు గుర్తులేక అట్ట రంగు చెప్పి పుస్తకం అడుగుతారని, ఆ రంగులు కూడా గుర్తుపెట్టుకోవాలని చెప్పింది. అతను ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాడు. ఎమ్మే చేసి రెండేళ్ళుగా అడిక్‌మెట్‌లో రూములో ఉండి పరీక్షలు రాస్తున్నాడట. వాళ్ళ నాన్న ఎవరి కాళ్ళో పట్టుకుంటే ఇది వచ్చిందట. ఆ మాట దాచకుండా చెప్పాడు.

"మీరు రాసింది మా యమ్మకు ఫోటో పంపించినా మేడం. తినాకురా, ఇంటికి తీసుకురా, దేవుని పటం కాడ పెడదాం అనింది. మా ఇంట్లో ఎవురి పేరూ అట్ల యాడా రాయలేదు" అన్నాడు.

హెలెన్ కొత్త పుస్తకాల కట్ట విప్పింది. తెల్ల సిరా సీసా మూత తీసి కలం ఎలా ముంచాలో చూపించింది. ఎక్కువ తీసుకుంటే కారుతుంది, మూతికి ఒకసారి తుడవాలి. ఒక వీపు మీద తను రాసి, రెండోది అతని ముందుకు జరిపింది.

అతను కలం పట్టుకుని, రాయకుండా తలెత్తాడు.

"మీరు షాపు పెడతాండారంట గదా మేడం. యాడ?"

కిటికీలోంచి ఎండ బల్ల సగం దాకా వచ్చింది. హెలెన్ అతని మొహం చూసింది. గడ్డం గీసుకునేటప్పుడు చెవి కింద తెగినట్టుంది, రక్తం ఎండి ఉంది. కొత్త పనికి వచ్చే తొందరలో తెగి ఉంటుంది. కాదని చెబితే ఈ కుర్రాడు ఆ కుర్చీలో ఎన్నాళ్ళు ఎలా కూర్చోవాలి.

"తార్నాకలోనే" అంది.

"తార్నాకలో యాడ మేడం?"

"బస్టాపు నుంచి లోపలికి. రెండో సందు."

"ఓపెనింగ్ ఎప్పుడు?"

"ఈస్టరు అయ్యాక."

తప్పకుండా వస్తానని, రూములో ఉండేవాళ్ళను కూడా పిల్చుకొస్తానని అన్నాడు. రమ్మంది. బయట వరండాలో రాజన్న గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రాయండి. సిరా ఆరిపోతుంది" అంది.

అతను వంగాడు. మొదటి అంకె దగ్గరే కలం గట్టిగా ఒత్తేసరికి పుస్తకం జారింది. హెలెన్ బల్ల ఇటుపక్క నుంచి ఆ పుస్తకాన్ని కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.